రిక్షా దిగిన సన్యాసమ్మ

టాటానగర్‌లోని బర్మామైన్స్ సందుల్లో సన్యాసమ్మ నడుస్తూ కనిపించడం అరుదు. ఆమె మంత్రసాని. ఏ ఇంట్లోనైనా నొప్పులు మొదలైతే ఆ ఇంటివాళ్ళు రిక్షా పంపుతారు, ఆమె తన గుడ్డసంచీని ఒళ్ళో పెట్టుకుని అందులో కూర్చుంటుంది, రిక్షా కదులుతుంది. కానుపు ఇల్లు రైలుకట్ట అవతల ఉన్నా, తమ వరసలోనే నాలుగు గుమ్మాల దూరంలో ఉన్నా ఈ పద్ధతి మారదు. రిక్షా పంపకపోతే వెళ్ళదని కాదు. పిలుపు అందాక ఇంట్లో కూర్చోవడం ఆమెకు చేతకాదు. అయినా రిక్షా రావాలి. అది పుట్టబోయే మనిషికి జరగవలసిన మొదటి మర్యాద అని ఆమె నమ్మకం.

"కడుపులో ఉన్నోడికి తెలవాల గదా, తన కోసం బయట బండి కట్టినారని" అంటుంది.

"అదేం కాదు వకీలమ్మా. దీని కాళ్ళు కింద ఆనితే భూమికి నొప్పెడతాదని దీని బాధ" అంటాడు ఆమె భర్త ఆదిబాబు, లా చదివిన నాతో. టాటానగర్ లోకో షెడ్డులో ఖలాసీగా చేసి, పదవీ విరమణ తరవాత భార్య మీద హాస్యమాడడమే ఉద్యోగంగా పెట్టుకున్న మనిషి. సన్యాసమ్మ పెళ్ళయి విజయనగరం దగ్గరి పల్లె నుంచి ఇక్కడికి వచ్చేనాటికి అతను బక్కపలచగా ఉండేవాడట, ఆమె అంతకన్నా బక్కగా ఉండేదట. ఇప్పుడు అతను అలాగే ఉన్నాడు. ఆమె ఐదు పదులు దాటి, గుమ్మంలో నిలబడితే వెనక ఉన్న వెలుతురు కనిపించనంత నిండుగా ఉంది.

అటువంటి మనిషి గాలూడీ దాకా ముప్ఫై కిలోమీటర్ల పైన నడిచింది. ఎందుకు నడవవలసి వచ్చిందో ముందు చెప్పాలి.

కిందటి శ్రావణంలో పక్కింటి నూకమ్మ కోడలికి నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. ఉన్నది ఒకే గది. పైకప్పు రేకు సరిగ్గా మంచం పైన కారుతోంది. ఆ గదిలోకి మగవాళ్ళెవరూ రాకూడదు, గొడుగు పట్టడానికి ఆడవాళ్ళెవరికీ చెయ్యి ఖాళీ లేదు. చివరికి ఆదిబాబును పిలిచి, కళ్ళు మూసుకుని గుమ్మంలోంచి గొడుగు చాపి పట్టుకోమన్నారు. అతను నిజాయితీగా కళ్ళు మూసుకున్నాడు. అందువల్ల గొడుగు ఎటు పోతోందో అతనికి తెలియలేదు. నీళ్ళన్నీ సన్యాసమ్మ మెడ మీద పడ్డాయి. "కళ్ళు మూసుకోమన్నాను గాని బుద్ధి మూసుకోమన్నానేటి?" అని ఆమె అరుస్తూనే బిడ్డను తిప్పింది, బయటికి తీసింది. తల్లీ బిడ్డా బతికారు. బయటికి వచ్చి చీర కొంగు పిండుకుంటూ నాతో ఒక్కమాట అంది.

"వకీలమ్మా, గొడుగు కింద పురుడు పొయ్యడం ఇదే ఆకరు. నాకో గది కావాల. కుళాయి ఉండాల, లైటు ఉండాల. గట్టి తలుపుండాల, మొగోళ్ళని బయటికి తోసీడానికి."

నేను అప్పటికి లా పరీక్ష ప్యాసై వచ్చి ఏడాది కాలేదు. బస్తీ మహిళా సంఘానికి అర్జీలు రాసిపెడుతుండేదాన్ని. గది కోసం రాసిన ప్రతి అర్జీకీ "పరిశీలనలో ఉన్నది" అనే జవాబే వచ్చింది. పరిశీలన అన్న మాటకు చట్టంలో ఎక్కడా నిర్వచనం లేదు. అందుకే దానికి అంతు కూడా లేదు. ఈలోగా ఒక లేడీ డాక్టరు, శుభ్రమైన గది చూపిస్తే వారానికి రెండుసార్లు బస్తీకి వచ్చి కడుపుతో ఉన్నవాళ్ళను చూస్తానని మాట ఇచ్చారు. అమ్మవారి గుడి పక్కన ఖాళీ స్థలాన్ని బస్తీ పెద్దలు ఒప్పుకున్నారు. డాక్టరు సిద్ధం, స్థలం సిద్ధం, మంత్రసాని సిద్ధం. ప్రభుత్వం మాత్రం పరిశీలిస్తోంది. ఇంకో వర్షాకాలం దాకా ఆగడం నా వల్ల కాలేదు. పాదయాత్ర చేద్దామన్నాను. ఎనభై మూడు మార్చిలో ఒక ఆదివారం, బర్మామైన్స్ నుంచి మాంగో మీదుగా గాలూడీ స్టేషను దాకా. నడిచేవాళ్ళ పేరు మీద ఊళ్ళో పెద్దలు తలా ఒక వస్తువు ఇవ్వాలి.

నడుస్తామని కాలేజీ పిల్లలు, కంపెనీ క్వార్టర్ల ఇల్లాళ్ళు ముందుకొచ్చారు. సాక్చీలో ఒక కొట్టువాళ్ళు సిమెంటు ఇస్తామన్నారు. లారీల యజమాని ఒకాయన పైకప్పు రేకులు ఇస్తామన్నాడు. మిగిలింది ఇటుక.

ఇటుక కోసం బలరామ్ దగ్గరికి వెళ్ళాం. మాంగో అవతల అతనికి ఇటుకల బట్టీ ఉంది. శ్రీకాకుళం నుంచి తండ్రి హయాంలో వచ్చిన కుటుంబం. మాట తెలుగులో మొదలుపెట్టి హిందీలో ముగిస్తాడు. ముప్ఫై అయిదేళ్ళ వాడు, నిగనిగలాడే స్కూటరు, అంతకన్నా నిగనిగలాడే తెల్లటి కాన్వాసు జోళ్ళు.

"దీదీ, కాలేజీ పిల్లలు నడిస్తే అది పిక్నిక్. పిక్నిక్‌కి నేనెందుకు ఇటుకలివ్వాలి?" అన్నాడు. "గది ఎవరికి కావాలి?" సన్యాసమ్మ కేసి చెయ్యి చూపాడు. "మౌసీకి. మౌసీనే నడవమనండి. పూరా. పొద్దు కూకేలోగా గాలూడీ స్టేషన్లో మౌసీ కాలు పెడితే గోడల ఇటుకలన్నీ నావి. రిక్షా ఎక్కిందో, టెంపో ఎక్కిందో, ఖేల్ ఖతమ్."

ఇవ్వకుండా తప్పించుకోవడానికి వేసిన షరతు అది, మాకందరికీ అర్థమైంది. నా పక్కనున్న సన్యాసమ్మకు కూడా అర్థమైంది. మేం వచ్చిన రిక్షా బట్టీ గుమ్మంలోనే ఉంది. ఆదిబాబు దాని కేసి చూసి, భార్య కేసి చూసి, నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఏటా నవ్వు?" అంది ఆమె.

"ఏం నేదు. ఇటికలు సల్లగా ఉన్నాయి, ఇక్కడే ఉంతాయి అనుకుంతన్నాను."

ఆమె బలరామ్ వైపు తిరిగింది. "ఒరే బాబూ, పురిటి మంచం పక్కన రేయీ పగలూ నిలబడిందాన్ని నాను. నిలబడినోళ్ళకి నడవడం ఎంత? నీ ఇటికలు ఎండబెట్టుకో. వత్తన్నాను" అంది. అని, వచ్చి రిక్షా ఎక్కింది.

మర్నాటి నుంచే అభ్యాసం మొదలైంది. మొదటి ఉదయం ఆమె కొంగు బిగించి తమ సందులో వడివడిగా నడక సాగించింది. అందులో ఒక చిక్కు ఉందని మాకెవరికీ తట్టలేదు. రిక్షా లేకుండా సన్యాసమ్మ నడిచిపోతోందంటే, రిక్షా పిలిచేంత వ్యవధి కూడా లేదన్నమాట.

"ఓలమ్మ! సన్యాసమ్మ నడిసి పోతంది! ఎవులికో మించిపోనాది!" అని ఎవరో కేక వేశారు. తలుపులు తెరుచుకున్నాయి. పొయ్యిల మీద నీళ్ళు ఎక్కాయి. సందు చివరకు చేరేసరికి ఆమె వెనక వేడినీళ్ళ గిన్నెతో ఒకరు, పాత చీరలతో ఇద్దరు, ఖాళీ రిక్షాతో ఒకడు, ఏం జరిగిందో తెలియకపోయినా మొక్కుకుంటూ నూకమ్మ.

"ఎవులికే?" అంది నూకమ్మ ఆయాసపడుతూ.

"ఎవులికీ కాదు. నడత్తన్నాను."

"ఎక్కడికి?"

"ఎక్కడికీ కాదు."

నూకమ్మ ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరమేమో చూసింది.

మూడు రోజులు ఇదే తంతు. విషయం చెప్పినా లాభం లేదు; ఒకవేళ నిజమైతే అన్న అనుమానంతో వాళ్ళు నీళ్ళు కాస్తూనే ఉన్నారు. చివరికి ఆమెను అగ్రికో కాలనీలో మా క్వార్టరు ముందున్న మైదానానికి మార్చాను. అక్కడ ఆమె ఎవరో ఎవరికీ తెలియదు కనుక నిశ్చింతగా చుట్లు తిరిగింది. మొదటి వారం ప్రతి చుట్టుకూ ఒకసారి కూర్చునేది. తరవాత కూర్చోవడం మానేసి, నిలబడి నన్ను తిట్టేది. ఆ తరవాత తిట్టడానికి ఊపిరి మిగుల్చుకోవడం ఎందుకని అదీ మానేసి నడిచింది. నేను సాక్చీలో కొన్న కాన్వాసు జోళ్ళను మాత్రం చంకలో పెట్టుకుని నడిచేది.

"తొడుక్కోండి అత్తా, దానికేగా కొన్నది!"

"కొత్తయి. అరిగిపోతాయి" అనేది.

ఊరందరి ఒళ్ళూ నలిచిన మనిషికి మొదటిసారి బస్తీ సేవ చేసింది. సాయంత్రాలు నూకమ్మ నువ్వులనూనె కాచి తెచ్చి ఆమె పిక్కలు పట్టేది. పొద్దున్నే ఎవరో ఒకరు చోడంబలి, అదే రాగిజావ, గ్లాసుతో చేతికిచ్చేవారు. "ఓసి నెమ్మది! నా కాళ్ళివి, పిండి కాదు" అని కేకలు పెడుతూ ఆమె ఆ మర్యాదంతా సంతోషంగా పుచ్చుకుంది.

రేపు యాత్ర అనగా ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. గోడ వారన జోళ్ళు లేవు.

"ఏవి అత్తా?"

"మరిది కొడుక్కి ఇచ్చీసినాను. డూటీకి తొడుక్కుంతాడు. నాకెందుకు? వట్టికాళ్ళతో నడుత్తానని అమ్మకి మొక్కీసినాను."

ముప్ఫై కిలోమీటర్ల పైమాట, సగానికి పైగా లారీలు తిరిగే హైవే. ఈ సంగతి నన్ను అడగవలసింది కదా అన్నాను. అమ్మకు మొక్కుకోవడానికి వకీలును అడగాలా అంది. మొక్కు సంగతి అప్పటికే గుడిలో పాకి సందుల్లోకి వెళ్ళిపోయింది. మా పాదయాత్ర ఆ రాత్రితో వాళ్ళ దృష్టిలో మొక్కుబడి అయిపోయింది. మొక్కు నడిచే మనిషి గుమ్మం ముందుకు వస్తే ఆ ఇంటి ఇల్లాలు చెంబెడు పసుపునీళ్ళతో కాళ్ళు కడగాలి. ఆ మనిషి ఆగి కడిగించుకోవాలి. ఉత్తరాంధ్ర నుంచి ఈ ఉక్కు ఊరికి వచ్చిన మనవాళ్ళు వదులుకోని ఆచారాల్లో అదొకటి.

తెల్లవారి కారఖానా సైరన్ మోగగానే అందరం బయలుదేరాం. కాలేజీ పిల్లలు పాటలు పాడుకుంటూ ముందుకు సాగిపోయారు. సన్యాసమ్మ, ఆమెతోపాటు ఆదిబాబు, నూకమ్మ, నేను మొదటి గుమ్మం దగ్గరే ఆగిపోయాం. చెంబుతో ఇల్లాలు సిద్ధంగా ఉంది. రెండో గుమ్మంలోనూ ఉంది. నేను తలెత్తి సందు పొడుగునా చూశాను. ప్రతి గుమ్మంలోనూ ఒక చెంబు మెరుస్తోంది.

ఆ సందులో ఆమె చేతుల మీదుగా పుట్టని వాళ్ళను వెతికి పట్టుకోవాలి. ఒక్కొక్కరూ పసుపునీళ్ళు పోసి, తమ పిల్లల్ని ముందుకు తోసి దణ్ణం పెట్టించారు. ఆమె ఒక్కొక్కరినీ గడ్డం పట్టుకుని చూసింది.

"ఈడేనా కాళ్ళతో వచ్చినోడు? ఇప్పుడూ అన్నిటికీ అడ్డమేనా?"

"ఆఁ అమ్మా, ఇస్కూలుకి అడ్డం, అన్నానికి ముందు."

"ఈ గుంట పుట్టినపుడు ఏడవనేదు. నాను రెండు తగిలించితే అప్పుడు కేకేసినాది. ఇప్పుడు మాటాడతందా?"

"ఆపితే నీకు పుణ్యముంటాది, పిన్నీ!"

"అత్తా, టైము!" అన్నాను నేను. అప్పటికి ఎన్నోసారో.

"కాళ్ళకి నీళ్ళు పోత్తానన్నోళ్ళని తోసుకుని పోతానేటి?"

బర్మామైన్స్ దాటేసరికి బాగా పొద్దెక్కింది. సువర్ణరేఖ మీది వంతెన దగ్గర బలరామ్ స్కూటరు మీద కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు. దారిలో ఆమె ఏ బండీ ఎక్కకుండా కనిపెట్టడానికి తానే స్వయంగా వెంట వస్తానని అతను ముందే చెప్పాడు.

"మౌసీ, నేను నీకోసం నాస్తా రెండుసార్లు చేశాను" అన్నాడు.

"ఇంకా తిను. నీకు మరేటి పని?"

మాంగోలో ఊపిరి పీల్చుకోవచ్చనుకున్నాను. కాని రాత్రి షిఫ్టు దిగినవాళ్ళు కబురు అక్కడిదాకా మోసేశారు. బజారు పొడుగునా తెలుగువాళ్ళు ఎవరుంటే వాళ్ళు చెంబులతో నిలబడ్డారు. వాళ్ళను చూసి ఇదేదో మంచి ఆచారమని ఒక బెంగాలీ ఆవిడ కూడా బిందెడు నీళ్ళు పోసింది. సన్యాసమ్మ చీర అంచు మోకాళ్ళ దాకా పసుపుపచ్చగా తడిసింది. ఆమె ముఖం మాత్రం వెలిగిపోతోంది. ఎవరికైనా అంతేకదా, తాను పట్టి లాగిన లోకం అంతా వరసగా నిలబడి తన కాళ్ళు కడుగుతుంటే.

డిమ్నా దాటి హైవే ఎక్కాక చెంబులు లేవు. ఎండ ఉంది, కంకర ఉంది, పక్కనుంచి దుమ్ము లేపుకుంటూ పోయే లారీలున్నాయి. అప్పుడు తెలిసింది అసలు సంగతి. పొద్దుటి నుంచీ తడుస్తూనే ఉన్న ఆమె అరికాళ్ళు నానిపోయి, పసిపిల్లల పాదాల్లా మెత్తబడ్డాయి. వేడెక్కిన తారు మీద, కంకర మీద ఆ మెత్తని చర్మం ఎంతసేపు ఆగుతుంది? ఆమె ఏమీ అనలేదు. రోడ్డు వదిలి పక్కన ఎండుగడ్డి మీద నడవడం మొదలుపెట్టింది. ఆదిబాబు హాస్యాలు తగ్గాయి. అన్నిటికన్నా నాకు భయం వేసింది అది చూసే.

ఒక లైన్ హోటల్ దగ్గర, లారీ డ్రైవర్లు భోంచేసే బల్లల పక్కన ఆగి రొట్టె తిన్నాం. తిన్నాక ఆమె లేచి ఒక అడుగు వేసి మళ్ళీ కూర్చుంది. పాదం తిప్పి చూశాను. రెండు కాళ్ళకూ బొబ్బలు. ఎడమ మడమ మీద ఒకటి చితికింది కూడా. ఊరంతా కలిసి ప్రేమతో చేసిన పని అది. గాలూడీ ఇంకా చాలా దూరం.

"ఇంక చాలే" అన్నాడు ఆదిబాబు, మొదటిసారి మెల్లగా. "మిగతాది నాను నడుత్తాను. ఏం బాబూ బలరామూ, ఆలూమగలు ఒకటే గదా?"

బలరామ్ ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "కాకా, షరతు షరతే."

"జోళ్ళు కావాలి" అన్నాను నేను. "ఎవరివైనా. ఇప్పుడే."

"ఓలమ్మ, జోళ్ళా?" నూకమ్మ చెంపలు వేసుకుంది. "మొక్కులో ఉన్న మనిషి! అమ్మ ఊరుకుంతాదేటి?"

నేను వాదించాను. మొక్కు ఉద్దేశం ఏమిటి, ప్రసూతి గది కట్టడం. ఉద్దేశం నెరవేరడానికి అడ్డొచ్చే నియమాన్ని సడలించడం న్యాయం. పరీక్షలో రాసినంత చక్కగా చెప్పానని నా అభిప్రాయం.

"నువ్వూరుకో తల్లీ" అంది సన్యాసమ్మ. "ఇది నీ కోర్టు కాదు."

ఆమె కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. కాసేపటికి కళ్ళు తెరిచి నూకమ్మ కేసి చూసింది.

"నూకాలూ. కిందటి శ్రావణంలో నీ కోడలి కడుపులో బిడ్డని ఏ చేత్తో తిప్పినాను?"

నూకమ్మ తడబడింది. సన్యాసమ్మది ఎడమచేతి వాటం. శుభకార్యానికి ఎడమచెయ్యి ముందుకు చాపితే మొదట అభ్యంతరం చెప్పే మనిషి నూకమ్మ.

"ఎడం సేత్తో" అంది చివరికి.

"అప్పుడేటైనా అన్నావా?"

"నేదు."

"ఎందుకనలేదు?"

"బిడ్డ రావాల గదా మరి."

"ఇదీ అంతే. అమ్మతో సెప్పీసినాను. మాట తప్పినాను, తప్పు నాది. మాఫీ అడగను. బతికున్నన్నాళ్ళూ ఏటా పండగకి ఘటం నెత్తికెత్తుకుంతాను, అది జరిమానా. ఇయ్యాళ మాత్రం నాకు జోళ్ళు కావాల." ఆమె మా అందరి పాదాల కేసీ వరసగా చూసింది. ఆదిబాబువి రబ్బరు చెప్పులు, తెగేలా ఉన్నాయి. నావి ఆమె కాలి వేళ్ళకు కూడా చాలవు. ఆమె చూపు స్కూటరు దగ్గర ఆగింది. "ఒరే బలరామూ. ఇప్పు."

"ఏంటి?"

"జోళ్ళు."

"మౌసీ! నిన్ననే కొన్నాను! బిష్టుపూర్‌లో!"

"మంచిదే. గట్టిగుంతాయి."

"నేను ఎదటి పార్టీని మౌసీ! దీదీ, మీరు చెప్పండి, ఎదటి పార్టీ జోళ్ళు ఎవరైనా అడుగుతారా?"

షరతులో అడగకూడదని లేదు అన్నాను.

అతను చుట్టూ చూశాడు. లైన్ హోటల్ డ్రైవర్లంతా తినడం ఆపి ఇతని కేసే చూస్తున్నారు. ఒక సర్దార్జీ "దేదే యార్, మా హై" అన్నాడు, అమ్మ కదా ఇచ్చెయ్యమని. బలరామ్ వంగి లేసులు విప్పాడు. మేజోళ్ళు కూడా ఇమ్మంది. ఆదిబాబు నేల మీద కూర్చుని, హోటలువాణ్ణి అడిగి తెచ్చిన ఆవనూనె ఆమె బొబ్బల మీద రాసి, మేజోళ్ళు తొడిగి, జోళ్ళు ఎక్కించి, లేసులు తన లోకో షెడ్డు పద్ధతిలో ముడి వేశాడు. ఏ ఇంజనూ ఆ ముడి ఊడదీయలేదు.

ఆమె లేచి నిలబడింది. ఒక అడుగు. ఇంకో అడుగు. "ఆఁ" అంది. "ఇదేటి, పరుపు మీద నడిసినట్టుంది! వకీలమ్మా, ముందే ఎందుకు సెప్పనేదు?"

నేను పళ్ళు బిగించి నడిచాను.

ఇంక బలరామ్ కథ మొదలైంది. ఉత్తకాలితో స్కూటరు కిక్కు కొట్టబోయి కెవ్వుమన్నాడు. రెండోసారి కొట్టే ధైర్యం లేక, దాన్ని తోసుకుంటూ మా వెంట నడవసాగాడు. కంకర గుచ్చుకున్నప్పుడల్లా "అరే బాప్ రే" అంటున్నాడు. సూర్యుడు వాలుతున్నకొద్దీ అందరికన్నా ఎక్కువ తొందర అతనికే పట్టింది.

"మౌసీ, జల్దీ! పొద్దు దిగిపోతోంది!"

"నాను ఓడిపోతే నీ ఇటికలు నీకు మిగుల్తాయి గదరా. నీకేటి తొందర?"

"జోళ్ళు పోయాక ఇటుకలు మిగిలి ఏం లాభం? పైగా నువ్వు ఓడితే, ఇలా ఉత్తకాళ్ళతో నడిచిన నేను ఎవడిని? పాగల్‌ని! చలో మౌసీ, చలో!"

ఆమె నవ్వింది. నవ్వితే నొప్పి తెలియడం లేదని మళ్ళీ ఏదో ఒకటి అడిగి అతన్ని మాట్లాడించింది. నూకమ్మ ఒక పక్కన, ఆదిబాబు ఒక పక్కన జబ్బ ఆనించి నడిచారు. తాకితే షరతు తప్పుతుందా అని ఆదిబాబు అడిగితే బలరామ్ కసిరాడు: "కాకా, పట్టుకో ముందు! కింద పడితే నా జోళ్ళు ఖరాబ్!"

చివరి మైళ్ళలో ఆమె అడుగు చిన్నదైంది, కాని ఆగలేదు. కానుపు కష్టమైనప్పుడు తల్లులతో అనే మాటలు ఇప్పుడు తనతోనే అనుకుంటోంది: "ఇంకొక్కటి. అదిగో. ఇంకొక్కటి. మరొక్కటి, తల్లీ, అయిపోనాది." ఒక లారీ ఆగి ఎక్కమంది. ఆమె చెయ్యి ఊపి పొమ్మంది. గాలూడీ స్టేషను కప్పు కనిపించినప్పుడు సూర్యుడు కొండల మీద ఇంకా జానెడు ఎత్తున ఉన్నాడు. ఎప్పుడో చేరి, తిని, నిద్రపోయి లేచిన కాలేజీ పిల్లలు ఎదురు పరుగెత్తుకొచ్చారు. వాళ్ళ అరుపులకు ప్లాట్‌ఫారం మీది కుక్క భయపడి పట్టాలు దాటింది.

సన్యాసమ్మ ప్లాట్‌ఫారం ఎక్కి, రెండు పాదాలూ ఆనించి నిలబడి, బలరామ్ కేసి చూసింది. అతను చేతులు జోడించాడు.

టాటానగర్ వెళ్ళే ప్యాసింజరు రావడానికి ఇంకా టైముంది. ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టాం. జోళ్ళు విప్పబోతే ఆదిబాబు ముడి ఊడిరాలేదు, ఉండనిమ్మంది. నేను లెమన్ సోడా తేవడానికి వెళ్ళి వచ్చేసరికి ఆమె బెంచీ మీద లేదు. ప్లాట్‌ఫారం మీద వంగి, పట్టాల పక్క దొరికిన బొగ్గు ముక్కతో గీతలు గీస్తోంది. చుట్టూ జనం.

"ఇది తలుపు. ఇది కుళాయి. మంచం ఇక్కడ. ఇంకో మంచం ఇక్కడ."

"ఇంకో మంచమా?" బలరామ్ ముందుకు వంగాడు. "మౌసీ, ఇది గదా, వెయిటింగ్ హాలా?"

"ఇద్దరికి ఒక్కపాలే నొప్పులొత్తే?"

"అలా ఎప్పుడొచ్చాయి?"

"కిందటి హోలీకి" అంది నూకమ్మ వెంటనే. "మూడిళ్ళు! రిక్షా ఎక్కినాది దిగనేదు!"

"సరే, రెండు మంచాలు. బస్."

"బల్ల ఒకటుండాల, డాట్రమ్మ కూకోడానికి." ఇంకో గీత పడింది. గోడ ఇంకాస్త అవతలికి జరిగింది.

"అరుగు గీయవే" అన్నాడు ఆదిబాబు. "తలుపు ఏసీసి మమ్మల్ని బయటికి తోసీసినాక ఎక్కడ కూకుంతాం? వానొత్తే?"

"అరుగు గోడ కాదు! దీదీ, అరుగు గోడ కిందికి వస్తుందా?" బలరామ్ నా కేసి చూశాడు.

అరుగు ఇటుకలతోనే కడతారు అన్నాను.

"మీరందరూ కలిసి..." అంటూ అతను గీతల మధ్య ఉత్తకాళ్ళతో అటూ ఇటూ తిరిగాడు. తలుపు దగ్గర నిలబడి లోపలికి చూశాడు. మంచం గీసిన చోట ఆగి, తలగడ వైపు ఎటో అంచనా వేసుకున్నాడు. దూరంగా సిగ్నల్ పడింది. జనం మూటలు ఎత్తుకోసాగారు. అతను సన్యాసమ్మ చేతిలోని బొగ్గుముక్క తీసుకుని గోడ గీత దగ్గర కూర్చున్నాడు.

"కిటికీ మరిచిపోయావు మౌసీ. లోపల ఉక్కపోసి చస్తారు. ఏ పక్కన పెట్టమంటావు?"

"తూరుపు పక్క" అంది ఆమె, ఆదిబాబు కేసి చూసి. "ఎత్తుగా పెట్టు. ఈ మావ కంట్లో పడకుండా."